వారసత్వంగా వచ్చిన పాత రివాల్వర్: ఎవరి తయారీ, ఎంత విలువ?

నీలిమ_వి | శనివారం, ఉదయం 10.20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి టపా. తుపాకుల గురించి నాకు అక్షరం ముక్క తెలియదు, తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మా పెద్దమ్మ కాలం చేశారు. ఆవిడ బీరువా అడుగు అరలో, తోలు సంచిలో ఒక చిన్న రివాల్వర్ దొరికింది. మా ముత్తాతకు ఎవరో ఇంగ్లీషు అధికారి బహుమతిగా ఇచ్చాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. దాన్ని కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదటిసారి. అరచేతిలో దాదాపు ఇమిడిపోతుంది. గొట్టం స్కేలుతో కొలిస్తే 64 మిల్లీమీటర్లు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ పైనున్న పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘బ్రిటిష్ బుల్ డాగ్’ అని ఉంది. తూటాలకు ఐదు గదులు. కుడివైపు చిన్న తలుపు లాంటిది, దాని కింద 37 అనే అంకె. పిడి తెల్లగా ఉంది, అంచుల్లో పసుపు పాకింది. ఏనుగు దంతమట.

నేను, అన్నయ్య, పెద్దమ్మ కూతురైన అక్క, ముగ్గురం వారసులం. ముగ్గురిలో ఎవరు ఉంచుకున్నా మిగతా ఇద్దరికీ లెక్క చెప్పాలి కాబట్టి దీని విలువ తెలియాలి. అక్కడక్కడ తుప్పు ఉంది. ఇనుప పీచుతో రుద్ది మెరిపిస్తే మంచి ధర వస్తుందని అన్నయ్య అంటున్నాడు. నాలుగు ఫొటోలు జతచేశాను.

మరమేకు | శనివారం, ఉదయం 10.41

నీలిమ గారూ, విలువ సంగతి తరువాత. ముందు అన్నయ్యగారి చేతిలోంచి ఆ ఇనుప పీచు తీసుకోండి.

ఇంకొకటి. మీ రెండో ఫొటోలో గొట్టం ఒకరి చేతి వైపు తిరిగి ఉంది. అది ఖాళీదో కాదో ఎవరైనా చూశారా? ముప్పై ఏళ్లుగా పాత తుపాకులు బాగుచేస్తున్నాను. ‘ఎప్పుడో తాతల నాటిది, ఖాళీదే’ అని నా బల్ల మీద పెట్టినవాటిలో తూటా ఉన్నవి నా చేతి వేళ్ల కంటే ఎక్కువ.

ఇలా చూడండి. తుపాకీని బల్ల మీద పెట్టండి, గొట్టం గోడ వైపు ఉండాలి, ఆ దారిలో మనుషులు ఉండకూడదు. ట్రిగ్గర్ గానీ, తూటాను వెనక నుంచి కొట్టే సుత్తి గానీ ముట్టుకోవద్దు. సిలిండర్ వెనక అంచుకు, దాని వెనకున్న ఇనుప గోడకు మధ్య సన్నని సందు ఉంటుంది. పక్క నుంచి టార్చి వేసి ఆ సందులో చూడండి. తూటా ఉంటే దాని అంచు అక్కడ కనిపిస్తుంది. ముందు వైపు నుంచి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చూడవద్దు.

సరదాగా_సురేష్ | శనివారం, ఉదయం 11.05

ఇందులో వెతకడానికి ఏముంది? ‘బ్రిటిష్’ అని రాసే ఉంది కదా. అది ఇంగ్లండ్ కంపెనీ వెబ్లీ వారిది. పైగా దంతపు పిడి. మీ పంట పండింది.

పాతఇనుము | శనివారం, ఉదయం 11.30

సురేష్ గారూ, కాస్త ఆగండి. వెబ్లీ వారు బుల్ డాగ్‌ను 1872లో తెచ్చిన మాట నిజమే. జేబులో పట్టేంత చిన్నది, తూటా మాత్రం పెద్దది. అందుకే విపరీతంగా అమ్ముడుపోయింది. అంతే విపరీతంగా నకళ్లు పుట్టుకొచ్చాయి: బెల్జియంలో, స్పెయిన్‌లో, జర్మనీలో, ఫ్రాన్స్‌లో, అమెరికాలో. నకలు చేసినవాళ్లే ‘బ్రిటిష్ బుల్ డాగ్’ అన్న అక్షరాలు ఎక్కువ శ్రద్ధగా కొట్టారు. ఆ మాట అప్పటికే ఈ తరహా తుపాకీకి వాడుక పేరయిపోయింది. పైన రాసినది పేరు, పుట్టిన ఊరు కాదు.

నీలిమ గారూ, ఫొటోలు బాగానే ఉన్నాయి కానీ నాకు కావలసిన చోటు ఒక్కటీ లేదు. సిలిండర్ మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. పగటి వెలుతురు ఏటవాలుగా పడేలా చూసి, భూతద్దంలోంచి తీయండి. మరమేకు గారు చెప్పిన పని అయ్యాకే సుమా.

నీలిమ_వి | శనివారం, మధ్యాహ్నం 12.50

టార్చి వేసి చూశాను. కనిపించినంత వరకు మూడు చోట్ల ఏమీ లేదు. ఒకచోట మాత్రం సన్నని ఆకుపచ్చ గీత ఉంది. అది ఏమిటి?

మరమేకు | శనివారం, మధ్యాహ్నం 12.54

చిలుము. ఇనుముకు ఆకుపచ్చ రాదు, రాగికో ఇత్తడికో వస్తుంది. అక్కడ ఒక తూటా ఉంది, లేదా పేలిన తూటా గుల్ల ఉంది. బయటి నుంచి తేల్చలేం, కాబట్టి నిండు తూటా అనుకోవాలి.

అందరూ ఆ గదిలోంచి బయటకు రండి. తలుపు తాళం వేయండి. మీ ప్రాంతంలో ఆయుధాల లైసెన్సులు చూసే అధికారులకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: చనిపోయినవారి సామానులో దొరికింది, లోపల తూటా ఉన్నట్టుంది, ఏం చేయమంటారు అని. వాళ్లు రమ్మంటే సరే, వస్తామంటే ఇంకా మంచిది. సంచిలో పెట్టుకుని మీరే బయలుదేరవద్దు. తూటాను మీరే తీయాలని ప్రయత్నించవద్దు.

సరదాగా_సురేష్ | శనివారం, మధ్యాహ్నం 1.15

నూరేళ్ల నాటి మందు ఇంకా పేలుతుందా? అంత భయపెట్టాలా?

మరమేకు | శనివారం, మధ్యాహ్నం 1.22

పేలుతుంది. ఆ కాలపు నల్లటి తుపాకీమందు సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పొడి. తేమ తగలకపోతే దానికి గడువు లేదు. ఇత్తడి గుల్లలో, పైన సీసపు గుండుతో బిగించి ఉంటే తేమ లోపలికి ఎలా వెళ్తుంది?

చరిత్రపిచ్చి | శనివారం, సాయంత్రం 5.40

చర్చ వేడిగా ఉంది కాబట్టి చిన్న పక్కదారి. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద చార్లెస్ గిటో కాల్చింది ఈ బుల్ డాగ్ తరహా రివాల్వర్‌తోనే. గార్‌ఫీల్డ్ సెప్టెంబర్ 19న చనిపోయారు. ఆ తుపాకీ తరువాత కనిపించకుండా పోయింది, ఇప్పటికీ జాడ లేదు.

నీలిమ_వి | ఆదివారం, ఉదయం 9.10

నిన్న సాయంత్రం అధికారులకు ఫోను చేశాను. విసుక్కుంటారని భయపడ్డాను కానీ మర్యాదగా మాట్లాడారు. ఒక అధికారి, ఆయనతో పాటు లైసెన్సు ఉన్న ఒక మెకానిక్ వచ్చి రాతపూర్వకంగా రసీదు ఇచ్చి తీసుకెళ్లారు. వాళ్లు తీసుకెళ్లే ముందు, మెకానిక్ గారు పట్టుకుని చూపిస్తుంటే సిలిండర్ మీది ముద్రల ఫొటోలు తీసుకున్నాను, జతచేస్తున్నాను.

చరిత్రపిచ్చి గారి టపా చదివి మా అన్నయ్య ‘ఆ పోయిన తుపాకీ ఇదేనేమో’ అంటున్నాడు. హాస్యానికో నిజానికో నాకు అర్థం కాలేదు.

పాతఇనుము | ఆదివారం, ఉదయం 9.45

కాదని చెప్పండి. ఒక రకం తుపాకీ వేలల్లో తయారైనప్పుడు, అందులో ఒకదానితో ఏదో జరిగిందని మిగతావాటికి విలువ రాదు.

ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో గీత, లోపల ఇ, ఎల్, జి అనే ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద నక్షత్రం. ఇది బెల్జియంలోని లియేజ్ నగరపు ప్రూఫ్ హౌస్ ముద్ర. అక్కడ తయారైన తుపాకీలో మామూలు కంటే ఎక్కువ మందు వేసి కాల్చి చూసి, గొట్టం పగలకపోతే ఈ ముద్ర కొట్టేవారు. వెబ్లీ వారిది బర్మింగ్‌హామ్. ఇంగ్లండ్‌లో పరీక్షించి ఉంటే కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలో, లండన్ వారి కిరీటం కింద జి, పి అక్షరాలో కనిపించాలి. మీ దాంట్లో ఆ జాడే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. లియేజ్ ముద్రకు 1893 నుంచి గుడ్డు మీద కిరీటం పెట్టడం మొదలుపెట్టారు. మీ ముద్ర మీద కిరీటం లేదు, అంటే 1893కు ముందుది. పక్కనే ఇంకో చిన్న ముద్ర ఉంది చూశారా, నక్షత్రం కింద ఒక్క అక్షరం? అది పరీక్ష చేసిన తనిఖీదారు గుర్తు. 1877 దాకా ఆ అక్షరం మీద కిరీటం ఉండేది, ఆ తరువాత నక్షత్రం వచ్చింది. కాబట్టి మీ రివాల్వర్ 1877కూ 1893కూ మధ్య పుట్టింది. రెండు మిల్లీమీటర్ల ముద్రలు రెండు చాలు. పైన వేలెడంత అక్షరాల్లో ఉన్న ‘బ్రిటిష్’ మనకు చెప్పింది సున్న.

నీలిమ_వి | ఆదివారం, ఉదయం 10.05

అయితే తయారుచేసినవారి పేరు? 37 అనే అంకెతో ఏమైనా తెలుస్తుందా?

పాతఇనుము | ఆదివారం, ఉదయం 10.30

అమెరికా కంపెనీలు కోల్ట్ అయితే, స్మిత్ అండ్ వెసన్ అయితే క్రమసంఖ్య పట్టుకుని సంవత్సరం చెప్పవచ్చు. కంపెనీ పాత దస్త్రాలు చూసి, ఏ రోజు ఎవరికి పంపారో రాసి ఇచ్చే ఏర్పాటు కూడా ఆ రెండింటికీ ఉంది. లియేజ్ పద్ధతి వేరు. గొట్టం ఒక ఇంట్లో, సిలిండర్ ఇంకో ఇంట్లో, పిడి మరో ఇంట్లో చేసేవారు. వాటన్నిటినీ కొని ఒక వర్తకుడు బిగించి అమ్మేవాడు. ఎన్నో తుపాకుల మీద అతని పేరు కూడా ఉండదు. ఇలాంటి చిన్న అంకెలు తరచూ విడిభాగాలు కలిసిపోకుండా బిగించేవాళ్లు వాటి మీద వేసుకున్న గుర్తులు. అదే 37 సిలిండర్ మీద, పిడి పలకల లోపల కూడా ఉంటే ఆ భాగాలన్నీ పుట్టుక నుంచీ ఒక్కచోటే ఉన్నాయని అర్థం. అది విలువకు పనికొస్తుంది, తేదీకి పనికిరాదు.

కొత్తవాళ్లు పడే ఇంకో గొయ్యి చెబుతాను. అమెరికా తుపాకుల గొట్టాల మీద పేటెంట్ తేదీలు ఉంటాయి. చివరి తేదీని తయారైన సంవత్సరం అనుకుంటారు. ఆ పేటెంట్ వచ్చాక ఇరవై ఏళ్లకు తయారైనదాని మీద కూడా అదే తేదీ ఉంటుంది. అలాగే వెబ్లీ వారి ఒక మోడల్ మీద ‘ఆర్.ఐ.సి.’ అని ఉంటుంది. ఐర్లండ్ పోలీసు దళం పేరుతో వచ్చిన మోడల్ అది. ఆ మూడక్షరాలు కనబడగానే ‘మా తాత ఐర్లండ్ పోలీసు నుంచి లాక్కున్నాడు’ అని కథ అల్లినవాళ్లను నేనే నలుగురిని చూశాను.

తెల్లకాకి | ఆదివారం, మధ్యాహ్నం 2.15

పిడి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను తుపాకుల మనిషిని కాను, పాత దంతపు వస్తువులు సేకరిస్తాను. నీలిమ గారూ, పిడి అడుగున, అంటే అడ్డంగా కోసినట్టున్న చోట, భూతద్దం పెట్టి చూడమని మెకానిక్ గారిని అడగండి. ఏనుగు దంతమైతే సన్నని గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ వలలా కనిపిస్తాయి. ఎముక అయితే వల ఉండదు. నల్లటి చుక్కలు, నిలువుగా చూస్తే సన్నని చీలికలు కనిపిస్తాయి. అవి ఎముకలో రక్తనాళాలు పోయిన దారులు. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే మరీ నున్నగా, గీతలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. వేడి సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది, దంతమైతే మచ్చ పడుతుంది.

నిజంగా దంతమే అయితే సంతోషించే ముందు ఆలోచించాలి. అంతర్జాతీయంగా ఏనుగు దంతం వ్యాపారం మీద సైటీస్ అనే వన్యప్రాణుల వ్యాపార ఒప్పందం నిషేధం ఉంది. అమ్మబోయే చోట దానికి మళ్లీ వేరే అనుమతులు అడగవచ్చు.

గుమ్మడి_గింజ | ఆదివారం, రాత్రి 8.00

1898కి ముందువైతే లైసెన్సే అక్కరలేదని ఎక్కడో చదివాను. మరి అధికారులను పిలవాల్సిన అవసరం ఏముంది?

మరమేకు | ఆదివారం, రాత్రి 8.25

మీరు చదివింది అమెరికా కేంద్ర చట్టం. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనదాన్ని అక్కడ పురాతన ఆయుధంగా లెక్కిస్తారు. ఆ దేశంలోనే రాష్ట్రాల నిబంధనలు మళ్లీ వేరు. మిగతా దేశాల్లో కొన్ని తేదీ చూస్తాయి, కొన్ని ఆ తూటా ఇప్పుడు దొరుకుతుందా అని చూస్తాయి, కొన్ని పేలగలదా లేదా అన్నదే చూస్తాయి. వేరే దేశపు తేదీ చెప్పి మన చేతికి సంకెళ్లు తప్పించుకోలేం. పైగా ఇక్కడ లోపల తూటా ఉంది. తుపాకీ ఎంత పాతదైనా తూటాకు ఆ మినహాయింపు వర్తిస్తుందని అనుకోకూడదు.

నీలిమ_వి | గురువారం, సాయంత్రం 6.30

ఆలస్యమైంది, క్షమించండి. ఇవాళ మెకానిక్ గారి దగ్గరికి వెళ్లి వచ్చాను.

అది నిండు తూటానే. చిలుముతో గదికి అంటుకుపోయింది, నూనె పోసి నానబెట్టి రెండు రోజులు ఆగాల్సి వచ్చిందట. గాజు సీసాలో పెట్టి చూపించారు. సీసపు గుండు తెల్లగా బూజు పట్టినట్టుంది. వెనక మధ్యలో సూదిమొన దిగినంత గుంట. అది సుత్తి దెబ్బ అన్నారు. అంటే ఎవరో ఎప్పుడో ట్రిగ్గర్ నొక్కారు, అది పేలలేదు. ఎవరు, ఎవరి మీద, ఎందుకు? ఇంట్లో ఏ కథలోనూ ఈ ముక్క లేదు. పెద్దమ్మ ఆ బీరువాలోంచి బట్టలు తీసేటప్పుడు ఆ సంచిని పక్కకు నెట్టడం నేనే ఎన్నిసార్లు చూశానో. తూటాను అధికారులే ఉంచుకున్నారు.

పిడి ఎముక. చుక్కలు నాకూ కనిపించాయి. సిలిండర్ మీద, పిడి పలకల లోపలి వైపు కూడా 37 ఉంది. గది కొలత కోసం త్వరగా కరిగే లోహం పోసి అచ్చు తీశారు, .442 తూటాకు సరిపోయిందట. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క అని ఆయన చెప్పారు, నేను తల ఊపాను.

పాతఇనుము | గురువారం, రాత్రి 7.10

శుభం. ఇప్పుడు విలువ మాట్లాడుకోవచ్చు.

మీది పేరులేని లియేజ్ బుల్ డాగ్. ఇవి ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. వెబ్లీ ముద్ర ఉన్న అసలు బుల్ డాగ్‌కు పలికే ధరలో ఇది చిన్న భాగమే పలుకుతుంది. పెట్టె, శుభ్రం చేసే సామగ్రితో సహా ఉన్న వెబ్లీతో అయితే పోల్చనే కూడదు. ఎముక పిడి కొద్దిగా కలిసొస్తుంది, అంకెలన్నీ కలవడం ఇంకొంచెం. ఫొటోలో ట్రిగ్గర్ చుట్టూ ఉన్న వంపులో నికెల్ పూత మెరుస్తోంది, మిగతా చోట్ల పోయి బూడిదరంగు తేలింది. అది నిజాయితీగా అరిగిన తుపాకీ. కొనేవాళ్లు అదే కోరుకుంటారు. కొత్త పూత వేయించినది దూరం నుంచే తెలిసిపోతుంది: అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి, ముద్రల అక్షరాలు కరిగినట్టుంటాయి, స్క్రూల చుట్టూ చిన్న పళ్లెంలా గుంట పడుతుంది. అన్నయ్యగారు ఆ ఇనుప పీచు ఒక్క గంట వాడి ఉంటే నేను చదివిన ఆ రెండు ముద్రలు ఇప్పుడు ఉండేవి కావు.

ధర చూసేటప్పుడు అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే ధరలు చూడకండి. ఆశకు హద్దు ఎక్కడ? వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి, అదీ ఇదే రకం, ఇదే స్థితిలో ఉన్నవాటివి.

లెక్కల_మాస్టారు | గురువారం, రాత్రి 9.00

వెల కట్టించేటప్పుడు ఎందుకు కట్టిస్తున్నారో మొదటే చెప్పండి. బీమాకు రాసే విలువ ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే పోతే అలాంటిదే దుకాణంలో కొనాలి. వ్యాపారి మీకిచ్చేది తక్కువ, అతనికి లాభం మిగలాలి. వేలంలో సుత్తి పడిన ధరలోంచి నిర్వాహకుల రుసుము పోతుంది. వారసుల మధ్య పంపకానికి మామూలుగా చూసేది ఆ మనిషి పోయిన రోజుకు బహిరంగంగా అమ్మితే వచ్చేంత. మీ ముగ్గురూ వేరువేరు విలువలు పట్టుకుని కూర్చుంటే ముగ్గురూ నిజమే చెబుతారు, గొడవ మాత్రం తెగదు.

విలువలో శాతం రుసుముగా అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వెల కట్టి ‘నేనే కొంటాను’ అనేవాళ్ల దగ్గరికి అసలే వద్దు.

నీలిమ_వి | శుక్రవారం, రాత్రి 10.15

ఇంకో కబురు. బీరువా మళ్లీ వెతికితే ఒక పాత కాగితం దొరికింది, మడతల దగ్గర చిరిగిపోతోంది. ముత్తాత పేరు మీద లైసెన్సు, 1926 నాటిది. ఆయుధం వివరాల దగ్గర చేతిరాతతో ఇలా ఉంది: ‘ఐదు గదుల రివాల్వర్, బెల్జియం తయారీ, ఎముక పిడి, నంబరు 37. పాతది, కొనుగోలు’.

బహుమతి లేదు, ఇంగ్లీషు అధికారీ లేడు. బెల్జియందని, ఎముకదని ముత్తాతకు శుభ్రంగా తెలుసు. నేను ఇది చదివి వినిపిస్తే అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ‘మరి దంతం అని ఎవరు మొదలుపెట్టారు?’ అన్నాడు. అక్క మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

పాతఇనుము | శుక్రవారం, రాత్రి 10.40

ఆ కాగితాన్ని ప్లాస్టిక్ పూత వేయించకండి, జిగురు టేపు అంటించకండి. ఆమ్లం లేని కాగితం మడతలో పెట్టి తుపాకీ పత్రాలతోనే ఉంచండి. ‘ఎవరో అధికారి ఇచ్చాడు’ అన్న నోటిమాటకు కొనేవాడు ఒక్క పైసా ఎక్కువ ఇవ్వడు. నంబరుతో సహా రాసి ఉన్న ఈ కాగితం ఉంటే ఇలాంటివే పది వరుసగా పెట్టినప్పుడు మీదాన్నే చేతిలోకి తీసుకుంటాడు. ఎంత ఎక్కువ ఇస్తాడంటే, పెద్దగా ఆశ పెట్టుకోకండి.

మరమేకు | శనివారం, ఉదయం 7.50

తిరిగి మీ చేతికి వస్తే ఆ తోలు సంచిలో మాత్రం పెట్టవద్దు. తోలు పదును చేసిన రసాయనాలు, అది పీల్చుకున్న తేమ కలిసి ఇనుమును తినేస్తాయి. మీ ఫొటోలో తుప్పు సరిగ్గా సంచి కుట్టు ఆనిన గీత వెంబడే ఉంది, గమనించారా? సంచిని పారేయకండి, విడిగా ఉంచండి. చేతికి తొడుగులు వేసుకుని, మెత్తటి గుడ్డతో పలచగా నూనె రాస్తే చాలు. నికెల్ పూత మీద అమ్మోనియా ఉన్న ద్రావకాలు వాడవద్దు, కింద రాగి పొర ఉంటే దాన్ని కరిగించి పూతను పొరలుగా లేపేస్తాయి. స్క్రూలు మీరు ముట్టుకోకండి. కాల్చి చూద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, ఇది నల్లటి తుపాకీమందు కాలపు ఇనుమని, ఇప్పటి పొగలేని తుపాకీమందు ఒత్తిడికి చేసింది కాదని చెప్పండి.

నీలిమ_వి | శనివారం, ఉదయం 8.30

అందరికీ కృతజ్ఞతలు. ముగ్గురం మాట్లాడుకున్నాం. అమ్మడం లేదు. పేలకుండా చేయించి, అనుమతి వస్తే అక్క దగ్గర ఉంచుదామని అనుకుంటున్నాం.

మరమేకు | శనివారం, ఉదయం 8.42

పేలకుండా చేయించడం అంటే గొట్టంలో రంధ్రం వేస్తారు, వెల్డింగ్ చేస్తారు. ఆ తరువాత సేకరించేవాళ్ల దృష్టిలో విలువ బాగా పడిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. మీ చట్టం తప్పనిసరి అంటేనే చేయించండి. అలాగే ఉంచుకునే వీలుందేమో ముందు అధికారులను అడిగి చూడండి.

నీలిమ_వి | శనివారం, ఉదయం 8.50

సోమవారమే అడుగుతాను.

కొత్తసభ్యుడు_11 | శనివారం, ఉదయం 11.20

అందరికీ నమస్కారం. చర్చ మొత్తం చదివాను, చాలా బాగుంది. మా ఇంట్లోనూ ఇలాంటిదే ఒకటి అటక మీద ఉంది, దుమ్ము కొట్టుకుపోయింది. సాయంత్రం శుభ్రంగా తోమి ఫొటోలు పెడతాను.

పాతఇనుము | శనివారం, ఉదయం 11.21

తోమకండి.

మరమేకు | శనివారం, ఉదయం 11.21

అటక మీదే ఉండనివ్వండి. ముందు ఫోను చేయండి.